బ్రైట్‌లో 21 మందికి ఒకే మోటెల్: దొరుకుతుందా, విడిపోవాలా?

మలుపుదారి | ఫిబ్రవరి 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, అక్కడి ఆల్ప్స్ కొండల కింద ఉన్న బ్రైట్ ఊరికి మా బృందాన్ని తీసుకెళ్లే పని నా నెత్తిన పడింది. పడిందేమిటి, నోరు జారి నేనే తెచ్చుకున్నాను. ఏప్రిల్ 24 నుంచి మూడు రాత్రులు, మెల్‌బోర్న్ నుంచి ప్రయాణం.

పన్నెండు సీట్ల వ్యానులో ఆరు జంటలు, మోటారు సైకిళ్ల మీద ఐదుగురు, ఒక కారులో అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు. మొత్తం 21 మంది. జంటల్లో ఇద్దరు డెబ్బై దాటినవాళ్లు, మెట్లు ఎక్కలేరు. బైకుల వాళ్లకి బండి కళ్ల ముందు ఉంటే తప్ప నిద్రపట్టదు. పిల్లల వాళ్లకి ఫ్రిజ్ కావాలి.

బుకింగ్ సైట్లలో చూస్తే ఒక మోటెల్లో 4 గదులు, ఇంకోదాంట్లో 3, మరోచోట 2 కనిపిస్తున్నాయి. పది గదులు ఒకేసారి ఎంచుకోబోతే సైటు ఒప్పుకోవడం లేదు. మూడు మోటెళ్లలో విడివిడిగా దిగితే పొద్దున్నే అందరినీ ఏరుకోవడానికే పూట గడిచిపోతుందని నా భయం. ఇలా గుంపుగా వెళ్లినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

ఒంటిచక్రం | ఫిబ్రవరి 3, రాత్రి 9:41

ఏప్రిల్ ఆఖరు, బ్రైట్, పది గదులు, అడుగుతున్నది ఫిబ్రవరిలో! అక్కా, మీ ధైర్యానికి ఓ దండం.

ఆ వారం ఊళ్లో ఆకులు రంగు మారే కాలం. నాటి పెంచిన విదేశీ చెట్లు వీధుల పొడుగునా ఎర్రగా, పసుపుగా మారతాయి. ఇక్కడ ఏప్రిల్ అంటే శరదృతువు కదా, ఆ పండుగ కూడా అప్పుడే జరుపుతారు. దానికి తోడు 25న యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఆన్జాక్ డే సెలవు. పోయినేడు వచ్చినవాళ్లు గది ఖాళీ చేస్తూనే ఈ ఏడుకి గది చెప్పి వెళ్లిపోతారు. మీకు సైటులో కనపడుతున్నవి వాళ్లు వదిలేసిన గదులు.

ఇదొక్కటే అనుకోకండి. మార్చిలో లేబర్ డే సెలవులకి కొండ మీది స్కీ ఊరు ఫాల్స్ క్రీక్‌లో 235 కిలోమీటర్ల సైకిల్ సవాలు ఉంటుంది, ఆ జనం ఈ లోయంతా నిండిపోతారు. నవంబర్‌లో పాతకాలపు హాట్ రాడ్ కార్ల జాతర. మెల్‌బోర్న్ గుర్రప్పందెం సెలవు, అదే కప్ డే, ఆ వారాంతం సరేసరి. బ్రైట్‌కి ఖాళీ వారాంతం వెతకడం కన్నా ఖాళీ మంగళవారం వెతుక్కోవడం తేలిక.

తాళంచెవి | ఫిబ్రవరి 4, ఉదయం 7:25

ఒక కొండ ఊరి మోటెల్లో నాలుగేళ్లు రిసెప్షన్‌లో పనిచేశాను. ఊరి పేరు అడగొద్దు, ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. మలుపుదారి గారూ, మీరు బల్లకి ఇవతల నుంచి చూస్తున్నారు కదా, అవతల ఏం జరుగుతుందో చెప్తాను.

సైటులో 4 గదులు అని కనపడితే మోటెల్లో నాలుగే ఉన్నాయని కాదు. అమ్మిన ప్రతి గదికీ సైటుకి కమిషన్ కట్టాలి. అందుకని రద్దీ రోజుల్లో కొన్ని గదులే అక్కడ పెట్టి, మిగతావి ఫోన్ చేసేవాళ్లకీ పాత ఖాతాదారులకీ అట్టిపెట్టుకుంటాం. కాబట్టి ముందు ఫోన్ చేయండి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా చెకౌట్ గొడవ, మధ్యాహ్నం రెండు దాటితే చెకిన్లు మొదలు. పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య చేస్తే అవతలి మనిషి నిలబడి మాట్లాడతారు. చాలాచోట్ల నడిపేది ఒక దంపతుల జంటే. ఫోన్ ఎత్తేదీ దుప్పట్లు ఉతికేదీ ఒకే చేయి.

ఇంకో సంగతి. ఇలాంటి ఊరి మోటెల్లో ఇరవై గదులుంటే గొప్ప. మీరు పది అడిగితే సగం మోటెల్ అడిగినట్టే. బృందం అనగానే మా గుండెల్లో రాయి పడేది. చివరి వారంలో మీరు రానంటే పండుగ రోజుల్లో సగం తలుపులు మూసే ఉంటాయి. అందుకే డిపాజిట్ అడుగుతారు, రిలీజ్ డేట్ పెడతారు. ఆ తేదీలోపు పేర్లూ డబ్బూ ఇవ్వకపోతే గదులు తిరిగి అమ్మకానికి వెళ్తాయి. అది మీ మీద అనుమానం అనుకోవద్దు. మీ అంతట మీరే "రిలీజ్ డేట్ ఎప్పుడు పెడతారు?" అని అడిగి చూడండి, అవతలి గొంతు మెత్తబడుతుంది. ఈమెకి పని తెలుసు అనుకుంటారు.

మంచాల సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. గదులెన్ని అని లెక్కపెడతారు గానీ మంచాలెలాంటివని ఎవరూ అడగరు. "ట్విన్ షేర్" అని రాసి ఉంటే ఇద్దరు ఉండొచ్చని మాత్రమే అర్థం, రెండు మంచాలున్నాయని కాదు. రెండు మంచాలు కావాలంటే "రెండు వేరు వేరు సింగిల్ మంచాలు" అని విడమరిచి రాయించుకోండి. చాలా గదుల్లో ఇద్దరు పట్టే ఒక క్వీన్ మంచం, ఒక సింగిల్ ఉంటాయి. అవి ఇద్దరు స్నేహితులకి సరిపోతాయి.

ఒంటిచక్రం | ఫిబ్రవరి 4, ఉదయం 7:52

తాళంచెవి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో కొండ ఊళ్లో నాకూ, నా కన్నా రెండింతలున్న మా స్నేహితుడికీ "ట్విన్ షేర్" పేరుతో ఒక క్వీన్ మంచం, గుండె ఆకారంలో మడిచిన రెండు తువ్వాళ్లు ఇచ్చారు. వాడు మంచం మీద, నేను బైకు జాకెట్టు పరుచుకుని కార్పెట్ మీద. ఇప్పటికీ వాడి పెళ్లాం ఆ తువ్వాళ్ల ఫొటో చూపించి నవ్వుతుంది.

పెద్దిల్లు | ఫిబ్రవరి 4, ఉదయం 8:30

ఇంత తలనొప్పి ఎందుకండీ? పెద్ద ఇల్లు ఒకటి అద్దెకు తీసుకోండి. వంటగది ఉంటుంది, హాలు ఉంటుంది, రాత్రి అందరూ ఒకచోట కూర్చుంటారు. మోటెల్లో ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. అది బృందం ఎలా అవుతుంది? మేం 14 మందిమి అలాగే వెళ్లాం, హాయిగా ఉంది.

తాళంచెవి | ఫిబ్రవరి 4, ఉదయం 9:05

14 మందికి హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. 21 మంది పట్టే ఇల్లు అంటే బంకు మంచాలు లెక్కలో వేసుకుని చెప్పే ఇల్లు. డెబ్బై దాటినవాళ్లని బంకు మీదకి ఎక్కిస్తారా? పొద్దున ఏడింటికి మూడు స్నానాలగదుల ముందు 21 మంది వరుసని ఊహించండి. మోటెల్లో ప్రతి జంటకీ సొంత స్నానాలగది. కొండ మీద తడిసి వచ్చిన సాయంత్రం దాని విలువ తెలుస్తుంది.

పెద్దిల్లు | ఫిబ్రవరి 4, ఉదయం 9:20

స్నానాలగదుల మాట నిజమే. మాకు నాలుగు ఉండేవి. కానీ రాత్రి కబుర్లకి చోటు కావాలి కదా, దాని సంగతేమిటి?

గేరుబండి | ఫిబ్రవరి 4, ఉదయం 10:14

మధ్యేమార్గం చెప్తాను. నది ఒడ్డున హాలిడే పార్కుల్లో క్యాబిన్లు ఉంటాయి. నాలుగైదు పక్కపక్కన తీసుకుంటే వంటగదీ ఉంటుంది, తలుపూ వేరే ఉంటుంది. కానీ కొన్నిచోట్ల దుప్పట్లు, తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాలి. బైకుల మీద వచ్చేవాళ్లు దుప్పటి ఎక్కడ కట్టుకుంటారు?

రాత్రి కబుర్లకైతే బార్బెక్యూ షెడ్డు ఉన్న మోటెల్ అడగండి. పది గదులు తీసుకుంటే ఒక సాయంత్రం మీకే ఉంచమంటే కాదనరు.

బ్రైట్ నిండిపోతే లోయలో కిందకి చూడండి. పోరెపంకా 6 కిలోమీటర్ల దూరం, మర్టిల్‌ఫర్డ్ సుమారు 30. ఈ ఊళ్లన్నిటినీ పాత రైలు మార్గం మీద వేసిన సైకిల్ బాట కలుపుతుంది. పట్టాలు తీసేశారు కానీ వాలు రైలుకి సరిపడేంతే ఉంది, ముసలివాళ్లైనా తొక్కగలరు. మేం సైకిళ్ల బృందంగా వెళ్లినప్పుడు మర్టిల్‌ఫర్డ్‌లో దిగి రోజూ బ్రైట్ దాకా తొక్కుకుంటూ వచ్చేవాళ్లం. మెల్‌బోర్న్ నుంచి వాంగరట్టా దాకా రైలు, అక్కడి నుంచి బ్రైట్‌కి బస్సు కూడా ఉన్నాయి. వ్యాను నడపడానికి ఎవరికీ ధైర్యం లేకపోతే అదొక దారి.

మలుపుదారి | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 12:40

వ్యాను అనగానే గుర్తొచ్చింది. నడిపేది మా బావగారు. మామూలు కారు లైసెన్సే ఉంది. సరిపోతుందా? మెల్‌బోర్న్ నుంచి ఆయనొక్కరే నడుపుతానంటున్నారు.

స్టీరింగ్‌స్వామి | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:30

నేను టూర్ కోచ్ నడుపుతాను. విక్టోరియాలో మామూలు కారు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి 12 సీట్ల దాకా, మొత్తం బరువు 4.5 టన్నులు మించని బండి నడపొచ్చు. పదమూడో సీటు ఉంటే లైట్ రిజిడ్ అనే పై తరగతి లైసెన్సు కావాలి. మీ పన్నెండులో బావగారిని కలిపారా, విడిచిపెట్టారా? అది చూసుకోండి. చాలామంది అక్కడే తప్పు లెక్క వేస్తారు.

మెల్‌బోర్న్ నుంచి బ్రైట్ సుమారు 320 కిలోమీటర్లు, నాలుగు గంటలు. వాంగరట్టా దగ్గర హైవే దిగాక రోడ్డు సన్నబడుతుంది, చీకటిపడితే కంగారూలూ వాంబాట్లూ అడ్డం వస్తాయి. చీకటి పడకముందే ఊళ్లో ఉండండి.

పెద్ద కోచ్ డ్రైవర్లకి చట్టం ఉంది. ప్రామాణిక గంటల లెక్కలో ఏ అయిదున్నర గంటల్లోనైనా కనీసం 15 నిమిషాల విశ్రాంతి. ఏ 24 గంటల్లోనైనా పని 12 గంటలు మించకూడదు, బండి ఆపి ఏకబిగిన 7 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. మీ వ్యానుకి ఆ నిబంధన వర్తించదు. నిద్ర మాత్రం మీ బావగారికీ నాకూ ఒకటే. బృందాలు నాకు చేసే అన్యాయం ఏమిటంటే, డ్రైవరుకి మిగిలిన గది ఇస్తారు. ఐసు యంత్రం పక్కనో, అర్ధరాత్రి దాకా నవ్వులు వినిపించే గది పక్కనో. మర్నాడు అదే మనిషి చేతిలో ప్రాణాలు పెట్టి హోథమ్ కొండ మలుపులు ఎక్కుతారు. బావగారికి వెనకవైపు మూల గది ఇవ్వండి.

ఇంకొకటి, చూసుకోవలసినది వాకిలి. మోటెల్ అనే మాటే మోటారు, హోటల్ కలిపి పుట్టింది. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో కట్టిన బసకి మొదట ఆ పేరు పెట్టారు. అంటే ఇది బండికీ మనిషికీ కలిపి ఇచ్చే గది. కానీ పాత మోటెళ్లలో కార్ల గీతలు సన్నగా ఉంటాయి. ఎత్తు పైకప్పున్న వ్యాను కార్లు నిలిపే రేకుల పందిరి కింద దూరదు. ఎత్తెంతో ముందే అడగండి. నేను ఒకచోట కోచ్ వెనక్కి తీస్తూ అర్ధగంట పడ్డాను, ఊరంతా చూసింది.

ఒంటిచక్రం | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:08

బైకుల వాకిలి సంగతి నేను చెప్తాను. కంకర పరిచిన చోటు వద్దు. సైడ్ స్టాండ్ కంకరలో దిగిపోతుంది, పొద్దున లేచేసరికి బండి పక్కకి పడుకుని ఉంటుంది. సిమెంటు నేల, పైన రేకు ఉంటే సొర్గం. మే వచ్చేసరికి తెల్లవారుజామున సున్నా దగ్గరకి దిగే రోజులుంటాయి, సీటు మీద మంచు పలక కట్టేస్తుంది.

మరో మాట, అయిదు బైకుల్నీ ఆరింటికి మోటెల్ వాకిట్లో స్టార్ట్ చేయొద్దు. గోడలు సన్నం, తలుపులన్నీ ఒకే వరండాలోకి. వీధి దాకా తోసుకెళ్లి స్టార్ట్ చేసుకోండి. ఎలాగూ తొమ్మిది, పది దాకా కొండ మీద నీడ మలుపుల్లో మంచు కరగదు, తొందరపడి సాధించేదేమీ లేదు.

దారి అడుగుతారని నాకు తెలుసు. బ్రైట్ నుంచి టవోంగా గ్యాప్ కనుమ ఎక్కి మౌంట్ బ్యూటీ, అక్కడి నుంచి ఫాల్స్ క్రీక్, బోగాంగ్ హై ప్లెయిన్స్ రోడ్డు, ఓమియో, తిరిగి డిన్నర్ ప్లెయిన్, హోథమ్, హారియట్‌విల్ మీదుగా బ్రైట్. అంతా తారు రోడ్డే, సైకిల్ వాళ్లు చేసే 235 కిలోమీటర్ల చుట్టు దాదాపు ఇదే. చలికాలంలో ఫాల్స్ క్రీక్ దాటాక ఆ హై ప్లెయిన్స్ రోడ్డు మూసేస్తారు. ఏప్రిల్, మేలలో కూడా ఒక్కోసారి మంచు పడుతుంది, బయల్దేరే ముందు రోడ్డు పరిస్థితి చూసుకోండి. ఓమియోలో పెట్రోలు పోయించండి.

మంచుచుక్క | ఫిబ్రవరి 4, సాయంత్రం 6:20

కొండ మీదే ఉండొచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు, నేనే అడిగి నేనే జవాబు చెప్తాను. హోథమ్ గ్రామం సుమారు 1750 మీటర్ల ఎత్తున, శిఖరం పక్కనే ఉంటుంది. అక్కడ బసలు పైన, మంచు వాలులు కింద. పొద్దున లేచి జారుకుంటూ దిగాలి, సాయంత్రం లిఫ్టులో పైకి రావాలి. బ్రైట్ ఏమో 300 మీటర్ల ఎత్తు చిల్లర. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల లెక్కన పైన సుమారు తొమ్మిది డిగ్రీలు ఎక్కువ చలి. స్కీయింగే పనైతే కొండ మీద ఉండండి. చెట్లు, నది, బఫెలో కొండ, పిల్లలు, పెద్దలు అంటే లోయలోనే ఉండండి.

జూలైలో వెళ్లేవాళ్ల కోసం కూడా రాస్తున్నాను, ఈ చర్చ చదివేది ఏప్రిల్ వాళ్లే కాదు కదా. జూన్‌లో రాజుగారి పుట్టినరోజు సెలవు వారాంతం నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా అధికారికంగా మంచు కాలం. ఇంజను ముందు చక్రాల్ని మాత్రమే లేదా వెనక చక్రాల్ని మాత్రమే తిప్పే బండైతే, మంచులో జారకుండా చక్రాలకి చుట్టే గొలుసులు వెంట ఉంచుకోవడం తప్పనిసరి. నాలుగు చక్రాల్నీ ఇంజను తిప్పే బండి ఉందని ధీమా పడకండి, కొండని బట్టీ ఆ రోజుని బట్టీ వాటికీ గొలుసులు కావాలని చెప్పొచ్చు. గొలుసులు లోయ ఊళ్లలోనే అద్దెకి దొరుకుతాయి. డీజిల్ బండైతే మెల్‌బోర్న్ డీజిల్ నింపుకుని పైకి వెళ్లొద్దు, చలికి గడ్డకడుతుంది. కొండ కింద దొరికే ఆల్పైన్ డీజిల్ పోయించండి. రాత్రి మంచులో బండి నిలిపితే హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి, వైపర్లు ఎత్తి పెట్టండి.

చలికాలంలో మోటెల్ ఎంచుకునేటప్పుడు నేను అడిగే ఒకే ఒక్క ప్రశ్న: తడి బట్టలు ఆరబెట్టే గది ఉందా? లేకపోతే నాలుగు జతల తడి జాకెట్లూ బూట్లూ ఒకే గదిలో హీటర్ ముందు ఆరతాయి. ఆ వాసనకి పక్క గది వాళ్లు కూడా ఖాళీ చేస్తారు.

స్టీరింగ్‌స్వామి | ఫిబ్రవరి 4, సాయంత్రం 7:02

హ్యాండ్ బ్రేక్ మాట బంగారం. ఒకసారి గడ్డకట్టిన బ్రేకుతో పదకొండింటి దాకా ఎండ కోసం చూశాను. బస్సులో 40 మంది నన్నే చూస్తున్నారు.

గేరుబండి | ఫిబ్రవరి 4, రాత్రి 8:45

రద్దు నిబంధనల గురించి ఎవరూ రాయలేదు. ఏప్రిల్‌కి అంత భయం లేదు కానీ ఇక్కడి వేసవిలో, అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, వెళ్లే బృందాలు ఇది చదవాలి. 2020 జనవరిలో కార్చిచ్చులప్పుడు ఈ ప్రాంతం నుంచి పర్యాటకుల్ని వెళ్లిపొమ్మన్నారు. అలాంటప్పుడు మోటెల్ తప్పేమీ ఉండదు, మీ తప్పూ ఉండదు, డబ్బు ఎవరిదగ్గర ఉండాలన్నదే తగువు. "అధికారులు రోడ్డు మూసినా, ఊరు ఖాళీ చేయమన్నా డిపాజిట్ తిరిగిస్తారా, వేరే తేదీకి మారుస్తారా?" అని ముందే ఈమెయిల్లో రాయించుకోండి. ఫోన్లో "చూద్దాంలెండి" అన్నమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. ప్రమాద హెచ్చరికలు పంపే విక్ ఎమర్జెన్సీ యాప్ ఒక్కరి ఫోన్లో కాదు, ప్రతి బండిలో ఒకరి దగ్గర ఉండాలి. హోథమ్ దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

మలుపుదారి | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 1:15

తాళంచెవి గారూ, మీరు చెప్పినట్టు పదకొండున్నరకి మొదలుపెట్టి ఏడు మోటెళ్లకి ఫోన్ చేశాను. కథ చెప్తాను వినండి.

మొదటి నలుగురూ ఏప్రిల్ 24 అనగానే నవ్వేశారు. ఒకాయన పాపం మర్యాదగానే నవ్వాడు. అయిదో ఆవిడ మాత్రం "అమ్మా, మీకు ఆకులు కావాలా, ఆన్జాక్ డే కావాలా?" అని అడిగింది. ఆకులే అన్నాను. "అయితే మే మొదటి వారంలో ఆదివారం వచ్చి బుధవారం వెళ్లండి. ఆకులు ఇంకా ఉంటాయి, జనం ఉండరు, పది గదులూ ఒకేచోట ఇస్తాను" అంది. సైటులో ఆ మోటెల్లో ఎన్ని గదులు చూపిస్తోందో తెలుసా? రెండు!

మా వాళ్లలో ఇద్దరికి సెలవు మార్చుకోవడం కష్టమైంది, ఒకాయన అలిగాడు కూడా. చివరికి అందరూ సరే అన్నారు. కింద అంతస్తులో ఏడు గదులు, పైన మూడు. పైన లిఫ్టు లేదు, మెట్లే. బైకుల వాళ్లకి కింద, రేకుల షెడ్డు ఎదురుగా. వ్యాను ఎత్తు అడిగితే ఆవిడ టేపు తీసుకెళ్లి కొలిచి మళ్లీ ఫోన్ చేసింది. షెడ్డు కిందకి దూరదట, గేటు పక్కన నిలపమంది. రిలీజ్ డేట్ మార్చి 20. నేనే అడిగాను, నిజంగానే గొంతు మెత్తబడింది!

ఇప్పుడు గదుల జాబితా రాయాలి. ఏమేం ఉండాలి?

తాళంచెవి | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 2:50

శభాష్. రాజీ పడాల్సింది తేదీల మీదే.

జాబితాలో గదికొక వరుస వేయండి. ఎవరెవరు, ఎన్ని మంచాలు, కిందా పైనా, బండి నంబరు, ఎన్నింటికి వస్తారు. తినకూడనివి ఉంటే అవీ. అంతే, కథలు రాయొద్దు. "వీళ్లిద్దరూ పోయినసారి పోట్లాడుకున్నారు, దూరంగా ఇవ్వండి" అని రాసినవాళ్లున్నారు, చదివి మేం నవ్వుకునేవాళ్లం, గది మాత్రం దూరంగానే ఇచ్చేవాళ్లం.

వచ్చే సమయం ముఖ్యం. చిన్న మోటెళ్లలో రిసెప్షన్ రాత్రి ఎనిమిదింటికో అటూ ఇటుగానో మూసేస్తారు. ఆలస్యమైతే తాళాలు ఎక్కడ పెడతారో ముందే అడగండి. కవరులో పేరు రాసి పెట్టేవాళ్లుంటారు, కోడ్ పెట్టె ఉంచేవాళ్లుంటారు. చెకౌట్ సాధారణంగా పది గంటలకి. 21 మంది కదలడం అంటే తొమ్మిదింటికే పెట్టెలు బయటికి రావాలి.

డబ్బు సంగతి. ఎవరి గదికి వాళ్లు కౌంటర్ దగ్గర కట్టుకుంటారంటే మేం లోపల ఏడ్చేవాళ్లం. పది కార్డులు, పది రసీదులు, వరుసలో పిల్లలు. మీరే ముందు వసూలు చేసి ఒకే బిల్లు కట్టండి. కానీ జాగ్రత్త, ఏ గదిలో ఏం విరిగినా మీ కార్డు మీదికే వస్తుంది. గదిలోకి వెళ్లగానే పాత పగుళ్లు, మరకలు ఉంటే ఎవరి గది వాళ్లు ఫొటో తీసి మీకు పంపమనండి.

ఒంటిచక్రం | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 3:10

గురక పెట్టేవాళ్ల వరుస కూడా వేయండి అక్కా. ఎరుపు రంగులో.

మలుపుదారి | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 3:31

ముగ్గురు ఒప్పుకున్నారు. అసలు పెట్టేవాళ్లు అయిదుగురు.

పెద్దిల్లు | ఫిబ్రవరి 6, సాయంత్రం 5:00

సాయంత్రం కూర్చోవడానికి చోటు అడిగారా, లేదా?

మలుపుదారి | ఫిబ్రవరి 6, సాయంత్రం 5:12

అడిగానండీ. వెనక బార్బెక్యూ షెడ్డు సోమవారం మాదే. తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పాలి, పది తర్వాత గొంతు వినపడకూడదు. మీ మాట పోనివ్వలేదు.

మలుపుదారి | మే 9, రాత్రి 8:05

వెళ్లి వచ్చాం. తర్వాతి వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆకులు దొరికాయి. సగం చెట్ల మీద, సగం కాలి కింద. పెద్దవాళ్లకి కింద ఉన్నదే బాగుందట. బఫెలో కొండ మీదికి వ్యానులో వెళ్లాం. పైన షాలే అనే 1910 నాటి పాత బస 2007 నుంచి మూతబడే ఉంది, లోపలికి వెళ్లలేం కానీ ఎదురుగా లోయ అంచు దగ్గర నిలబడితే మాట రాదు. పిల్లలు రైలు బాట మీద పోరెపంకా దాకా తొక్కి, తిరిగి రామన్నారు. కారు పంపించాం.

తప్పు జరిగింది ఒకచోట. జాబితాలో బైకుల వాళ్లకి రెండు సింగిల్ మంచాలని రాశాను, ఒక గదిలో క్వీను, సింగిల్ ఇచ్చారు. క్వీన్ ఎవరికన్న తగువు నాణెం ఎగరేసి తీర్చుకున్నారు. గెలిచినవాడే అయిదుగురిలో గట్టిగా గురక పెట్టేవాడు. బావగారికి వెనక మూల గది ఇచ్చాం, మర్నాడు హోథమ్ ఎక్కుతూ ఒక్క ఆవులింత లేదు. స్టీరింగ్‌స్వామి గారికి ఆయన నమస్కారాలు చెప్పమన్నారు.

హోథమ్ మీద గాలికి మా అత్తగారు వ్యాను దిగలేదు. కిటికీలోంచి చూసి, "బాగుంది, పదండి" అన్నారు.

మంచుచుక్క | మే 9, రాత్రి 8:40

జూలైలో మళ్లీ వెళ్తున్నారా?

మలుపుదారి | మే 9, రాత్రి 8:52

మా వాళ్లు అప్పుడే మొదలుపెట్టారు. అదే మోటెల్, అవే గదులు కావాలట. ఆరబెట్టే గది ఉందని ఆవిడ చూపించింది కూడా. గొలుసుల సంగతి బావగారు చూసుకుంటారు. గదుల జాబితా మాత్రం ఈసారి ఆ నాణెం గెలిచినాయన రాయాలని తీర్మానం చేశాం.